తిత్తికి తోలు వెతికిన ఏడు

మొన్న నకిరేకల్‌లో ఒక హరికథకు వెళ్ళాను. దాసుగారు పట్టుపంచె సర్దుకుని, పక్కనున్న చిన్న డబ్బా మీట నొక్కగానే అది శ్రుతి అందుకుంది. ఊపిరి తీయదు, దగ్గదు, ఉమ్మి మింగదు. తీరా సీతమ్మవారు అగ్నిలో అడుగు పెట్టబోయే ఘట్టంలో కరెంటు పోయింది. డబ్బా మూగబోయింది, దాని వెనకే దాసుగారూ మూగబోయారు, సీతమ్మ అగ్నిగుండం ముందు అలాగే నిలబడిపోయింది, జనం బీడీలు ముట్టించుకున్నారు. నా బుగ్గలు మాత్రం వాటంతటవే ఉబ్బాయి. మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, ఆ డబ్బా చేసే పనిని ఒకప్పుడు ఈ బుగ్గలే చేసేవి.

మోత్కూరు దగ్గర మా మేనమామకు భాగవతాల మేళం ఉండేది. ఆయన పాడేవాడు, మీసాలు వచ్చీ రాని వయసులో మేళంలో చేరిన నేను వెనక నిలబడి తిత్తి ఊదేవాణ్ణి. తిత్తి అంటే నిండు మేక తోలు, పొట్ట కోయకుండా, చొక్కా విప్పినట్టు మెడ వైపు నుంచి ఊడదీసినది. ఒక ముందుకాలి దగ్గర ఊదే గొట్టం, రెండో కాలి దగ్గర పలికే గొట్టం, మిగతా కంతలన్నీ బిగించి కట్టేయడమే. ఊది నింపి చంకలో పెట్టుకుని నొక్కుతూ ఉంటే ఒకే స్వరం తెగకుండా వస్తుంది, పాడేవాడు దానికి గోడకు ఆనుకున్నట్టు ఆనుకుని పాడతాడు. మా తిత్తి మోతకు గుట్ట అవతలి ఊళ్ళో ఉట్టి మీద చల్లకుండ తనంతట తానే చిలుక్కుని వెన్న కట్టేదని చెబితే మా ఆవిడ నమ్మదు, మీరైనా నమ్మండి.

రజాకార్ల రోజులు వచ్చాయి. ఒక పెళ్ళిలో ఆడి తిరిగి వస్తుంటే దారిలో తుపాకుల వాళ్ళు ఆపారు. పెట్టెలో సత్యభామ జడ చూసి కాసేపు నవ్వుకున్నారు గానీ, నా చంకలో సగం గాలితో ఉబ్బి ఉన్న తిత్తిని చూడగానే ఒకడికి అనుమానం వచ్చింది.

"ఏమ్రా, దీంట్ల ఏమున్నది?"

"గాలి, సాబ్."

తుపాకీ పట్టినవాడికి గాలి అన్న జవాబు రుచించదు. కత్తి దించాడు. తిత్తి పెట్టిన ఆఖరి కేకకు వాడి టోపీ ఎగిరి తుమ్మచెట్టుకు తగులుకుంది, వాళ్ళ గుర్రం అచ్చంపేట అడవి దాకా పరుగెత్తి అక్కడే కాపురం పెట్టిందని చెప్పుకున్నారు. మామ మాత్రం నవ్వలేదు. చిరిగిన తోలును కండువాలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు, ఆ తరువాత పాడలేదు. నలుగురు గుమిగూడడమే నేరమైన కాలం గనుక ఆయన మౌనం కూడా లోకం మౌనంలో కలిసిపోయింది.

పోలీసు యాక్షన్ అయ్యాక ఊరు మళ్ళీ గొంతు సవరించుకుంది. దసరాకు భాగవతం ఆడమని పెద్దలు వచ్చి అడిగారు. మామ పెరట్లోకి వెళ్ళి ఒంటిగా ప్రయత్నించాడు. గొంతు చీకట్లో గోడ కోసం తడుముకునేవాడిలా అటూ ఇటూ పోయింది. "పోయిందిరా అల్లుడా, శ్రుతి లేక గొంతు చెడ్డది. ఈ దసరకు రాకుంటె ఇగ రానట్టే" అని ముసుగు తన్ని పడుకున్నాడు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చేయి కడుక్కునేవాడు. మా మామ ఆకలి తెలిసినవాళ్ళకు అది ఎంత ప్రమాదమో అర్థమవుతుంది.

తిత్తి చేద్దామంటే మేక ఏదీ? ఊరి మీదికి వచ్చిన ప్రతి గుంపూ ముందు మేకల్నే అడిగింది. మిగిలినది మామ తల్లి, అంటే మా అవ్వ, పెంచుకున్న నల్లమేక ఒక్కటే. ఎవరు వచ్చినా దాన్ని జొన్నలు పోసుకునే ఖాళీ పాతరలో దించి, పైన తడక కప్పి, దాని మీద తానే కూర్చుని ఆకువక్క నమిలేది. ఆ మేక ఎనుబోతంత ఉండేది, అవ్వ నోట్లోని తాంబూలం వాసన తెలిసి వాటా అడిగేది. ఒకసారి నేను దాని డొక్కల వైపు కొంచెం ఆశగా చూశాను.

"దాని దిక్కు సూసినవంటె నీ తోలు దీసి తిత్తి గుట్టిస్త బిడ్డా. నీదైతె ఇంక పెద్ద మోత."

ఇక మేకను మరిచి లోకంలోని తోళ్ళన్నీ వెతికాను. గొర్రె తోలు మెత్తన. నొక్కినకొద్దీ సాగుతుంది, స్వరం జ్వరపడినవాడి మూలుగులా కిందికి జారుతుంది. దూడ తోలు మందం. దాన్ని నింపేసరికి నా కళ్ళు బయటికి వచ్చి ఊరంతా చూసివచ్చాయి. చివరికి మిలిటరీ లారీ వాళ్ళు పారేసిన ట్యూబును కోసి కట్టాను. గాలి చుక్కైనా పోదు, సంబరపడ్డాను. కానీ తోలు ఊపిరిలోని తడిని తాగేస్తుంది, రబ్బరు తాగదు. ఆ తడంతా గొట్టం కొనన ఉండే రెల్లు పీకకు చేరి హుక్కాలా గుడగుడమంది. మైనమూ అలాగే సతాయించింది. పీక నాలుక మీద చిటికెడు అంటిస్తే స్వరం దిగుతుంది, గీకితే ఎక్కుతుంది. కొవ్వొత్తి మైనం పెళ్ళలుగా రాలిపోతే, అచ్చంపేట అడవి నుంచి తేనెమైనమూ, గొట్టాలకు ముదురు వెదురూ తెప్పించాను. అన్నీ కుదిరాయి, తోలు ఒక్కటే కుదరలేదు.

ఆ లారీ ట్యూబు మీదనే పాడమని మామను బతిమాలాను. ఆయన పల్లవి ఎత్తుకుని, సగంలో ఆపి, "ఇది శ్రుతి గాదురా, కఫం" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గడప దగ్గర కందులు చెరుగుతున్న అవ్వ చేతిలో చేట ఆగిపోయింది.

మరునాడు పొద్దున్నే అవ్వ మేకను కడిగి, నుదుట పసుపు పెట్టి, తాడు నా చేతికిచ్చింది.

"పట్టుకపో. మేక ఇంకోటి పుడ్తది, వాని గొంతు మల్ల పుట్టది. తోలు మీద గాటు వడ్డదంటె ఊకోను."

లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. మాంసం ఊరు తిన్నది గానీ మా ఇంటి పొయ్యి ఎక్కలేదు. తోలును తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టాము. నాతో మాట్లాడడం మానేసిన అవ్వ, సాయంత్రమయ్యేసరికి ఆముదం గిన్నె పట్టుకుని వచ్చి, బతికున్నప్పుడు మేక వీపు నిమిరినట్టే ఆ తోలును నిమిరి నిమిరి మెత్తబరిచేది.

తోలిచ్చిన ఇంటి పెద్దే తొలి ఊపిరి ఊదాలన్నది మా మేళం ఆచారం. అవ్వకు నోట్లో పళ్ళు లేవు. ఊదితే సగం గాలి పెదవుల పక్కనుంచి పారిపోయి, నా జుట్టు ఎగిరింది. "నవ్వకురా" అని తిట్టి మళ్ళీ ఊదింది. తోలు మెల్లగా లేచింది, డొక్కలు నిండాయి, నేను చంకలో పెట్టుకుని నొక్కాను. కొంచెం బొంగురుగా, కొంచెం కోపంగా, నిండుగా పలికింది. ఎవరూ పిలవలేదు, లోపల ముసుగు కదిలింది, మామ గొంతు గోడ దొరికినట్టు వచ్చి ఆ స్వరాన్ని ఆనుకుంది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా మేక వాన్ని వట్టుకున్నది సూడు" అంది.

దసరాకు దీపాలు పెట్టే వేళ భాగవతం మొదలైంది. ఎన్ని ఊళ్ళు వచ్చాయో చెబితే మళ్ళీ కోతలంటారు గనుక చెప్పను. అవ్వ ముందు వరుసలో కూర్చుని, మామ పాటకు కాదు, నా చంక వైపు చూస్తూ తలూపింది.

నకిరేకల్‌లో కరెంటు తిరిగి వచ్చింది, డబ్బా ఆపిన చోటునుంచే అందుకుంది. మంచి డబ్బాయే. దానికి ఎండా వానా లేవు, ఆముదం అక్కరలేదు, ఊదేవాడి కళ్ళు బయటికి రావు; నేటి పాటగాళ్ళు సుఖపడితే నాకు సంతోషమే. అయితే ఆ చీకట్లో దాసుగారు ఏ ఆధారమూ లేకుండా సన్నగా పాడబోయినప్పుడు, నా పక్కనున్న ఒక ముసలామె తనకు తెలియకుండానే 'ఊఁ' అంటూ శ్రుతి కలిపింది. నేనూ బుగ్గలు బిగించి కలిపాను. మా వెనక ఇంకెవరో కలిపారు. మీట లేని కాలం ఇంకా మనుషుల లోపల ఎక్కడో గాలి నింపుకునే ఉంది.