మూడో వరసలో ఎనిమిది మంది

విడిగా వినిపించావంటే పోయావు. రికార్డింగ్ థియేటర్లో వయొలిన్ వాయించేవాళ్లకు ఇంతకు మించిన శాస్త్రం లేదు. ఎనిమిది మంది ఒక వరసలో కూర్చుంటారు. అందరికీ కలిపి ఒక్క మైకు. ఎనిమిది కమానులూ ఒక్కసారే లేస్తాయి, ఒక్కసారే దిగుతాయి. అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు తలెత్తి "మూడో వరసలో ఎవరండీ అది?" అన్నాడంటే ఆ మనిషికి మర్నాటి నుంచి కబురు రాదు. తలెత్తకపోతే బాగా వాయించినట్టు. ఇలాంటి చోట ఇరవయ్యేళ్లు నెగ్గుకొచ్చిన మనిషి ఫ్రేములాయన. అప్పట్లో ఆయన్ని ఫ్రేములాయన అనేవారు కాదు. అసలేమీ అనేవారు కాదు. అదే ఆయన గొప్ప.

తర్వాత కీబోర్డు వచ్చింది. ఒక్క మనిషి చంకలో పెట్టుకొచ్చిన పెట్టెలోంచి నలభై వయొలిన్లు మోగాయి. ఆ పెట్టెకి ఆకలి లేదు, పొడిదగ్గు లేదు, బస్సు దొరక్కపోవడమనేది అసలే లేదు. మూడు వరసలూ లేచి ఇళ్లకు వెళ్లిపోయాయి. కళకు చావు లేదని సభల్లో శాలువాలు కప్పించుకుంటూ చెప్పే పెద్దమనుషులు ఆ సాయంత్రం ఎక్కడున్నారో తెలియదు. కళ సంగతేమో గాని కళాకారుడికి కడుపుంది. ఆయన మామగారి ఎరుకలో ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు ఒకటి ఉంటే అందులో చేరాడు. ఆ షాపు నడిపే ముసలాయన పోయాక అది ఈయన చేతికే వచ్చింది.

సన్నటి గది అది. గోడలకు ఎల్ ఆకారంలో ఫ్రేములకు వాడే బీడింగు చెక్క ముక్కలు వేలాడుతుంటాయి. బల్ల నిండా రంపపు పొట్టు, జిగురు మరకలు. నాలుగు ముక్కల్నీ ఏటవాలుగా కోసి, మూలలు కలిపి, సందు కనపడకుండా మేకు దిగ్గొట్టాలి. అతుకు కనిపిస్తే పని చెడినట్టే. అక్కడా అదే శాస్త్రం కాబట్టి ఆయనకు చిక్కేమీ రాలేదు. ఒకసారి అద్దం జారి ఎడమ చేతి ఉంగరపు వేలి కొస తెగింది. గాయం మానింది, స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. వయొలిన్ అప్పటికే అటకెక్కింది గనక వేలి గురించి ఎవరూ బెంగపెట్టుకోలేదు.

కూతురు ఫిజియోథెరపిస్టు. ముసలివాళ్ల మోకాళ్లు వంచీ వంచీ, ఏదైనా సరే కదిలిస్తే బాగుపడుతుందన్న నమ్మకం ఆమెకు ముదిరిపోయింది. ఒకరోజు షాపుకొచ్చి ఫోను తండ్రి ముక్కు ముందు పెట్టింది.

"నాన్నా, ఇందులో చేరు."

"ఏమిటది?"

"పాటలు కట్టే గుంపు. ఎవరింట్లో వాళ్లు వాయించి పంపిస్తారు. ఒకాయన అన్నీ కలిపి అతికిస్తాడు."

"అతికించడమే అయితే నేను రోజూ చేస్తున్నాగా."

"వేళాకోళం తర్వాత. అక్కడ కీబోర్డు మోతలు నిషేధం. మనిషి చేత్తో వాయించిందే తీసుకుంటారు. పాట కింద ఎవరేం వాయించారో పేర్లతో రాస్తారు."

ఆ చివరి మాట దగ్గర ఆయన సుత్తి ఆగింది. ఎన్ని వందల పాటల్లో వాయించాడో ఆయనకే గుర్తు లేదు. వాటిలో ఒక్కదాని కింద కూడా ఆయన ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. వరసలకు పేర్లుండవు. పోయేలోగా ఒక్క పాట కింద, ఇందులో ఈయన వాయించాడు అని కనిపిస్తే చాలుననిపించింది. ఆ కోరిక ఎంత చిన్నదో తలచుకుని ఆయనకే సిగ్గేసింది. అందుకని పైకి "చూద్దాంలే" అన్నాడు.

ఇంట్లో భార్య ఇంకా తేలిగ్గా తేల్చేసింది. "చేరండి. ఆ పెట్టె దింపితే అటకైనా ఖాళీ అవుతుంది. నా పాత కుక్కరు పెట్టుకుంటాను."

గుంపులో చేరేటప్పుడు పేరు అడిగితే కూతురు 'ఫ్రేములాయన' అని కొట్టింది. అక్కడ అందరూ అంతే. పాట అతికించే ఆయన్ని కూర్పరి అంటారు. పాడేది ఏదో ఆసుపత్రిలో నర్సు, ఆమె నర్సమ్మ. గిటారు వాయించేవాడు లారీ డ్రైవరు. సరుకు దిగేదాకా క్యాబిన్లో కూర్చుని వాయిస్తాడట. ఏ ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసింది లేదు. కూర్పరి పంపిన పచ్చి పాటలో నర్సమ్మ గొంతు, దాని వెనక టిక్కు టిక్కుమని తాళం, అంతే. దాన్ని చెవుల్లో పెట్టుకుని తన భాగం వాయించి పంపాలి. వయొలిన్లు రావాల్సిన చోటు చరణానికీ చరణానికీ మధ్య.

ఆదివారం పొద్దున పడగ్గదిలో బీరువా తలుపులు బార్లా తెరిచాడు. బట్టలు మోతను మింగుతాయని పాత అనుభవం. భార్యకు మిక్సీ వెయ్యొద్దని ఆజ్ఞ. వాయించాడు. రికార్డయింది విన్నాడు. ఒంటి మీద తువ్వాలుతో నడివీధిలో నిలబడ్డట్టుంది. ఒక్క వయొలిన్, ఒక్క మనిషి, ప్రతి గీరూ విడిగా వినిపిస్తోంది. ఇంజనీరు తలెత్తే వాయింపు ఇది.

"ఛీ, తీసెయ్" అన్నాడు కూతురితో.

"బాగానే ఉంది కద నాన్నా!"

"వరస లేదు."

వరస ఎక్కడి నుంచి వస్తుంది? ఆయనే తెచ్చాడు. కుర్చీని గదిలో ఒక్కో చోటికి జరుపుకుంటూ అదే భాగాన్ని ఎనిమిది సార్లు వాయించాడు. ఊరికే వాయించలేదు. కిటికీ పక్కన కూర్చున్నప్పుడు పాత మూడో వరసలోని ముక్కుపొడి ఆయనలా వాయించాడు. ఆయన ఎప్పుడూ తుమ్ము ఆపుకుని వెంట్రుకవాసి ఆలస్యంగా ఎత్తుకునేవాడు. మంచం దగ్గర కూర్చున్నప్పుడు ఆత్రగాడిలా, ఒక పిసరు ముందుగా. తలుపు దగ్గర పొడుగాయనలా, కమాను ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగి. బీరువా పక్కన, స్వరం మీద చెయ్యి గజగజలాడించే బావగారిలా. ఆయన ఎవరికీ బావ కాదు, అయినా అందరూ బావగారే అనేవారు. వీళ్లలో సగం మంది పోయారు. మిగతా సగం ఎక్కడున్నారో తెలియదు.

భార్య గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఇది ముక్కుపొడి అన్నయ్యగారు కదూ?"

ఆయన కమాను దించేశాడు. "నీకెలా తెలిసింది?"

"మనింట్లో భోజనానికి కూర్చున్నా ఆయనంతేగా. అందరూ రెండో ముద్దలో ఉండగా మొదటిది ఎత్తేవాడు."

ఇద్దరూ నవ్వారు. ఆ మధ్యకాలంలో ఆ పడగ్గదిలో అంత నవ్వు వినపడలేదు. ఎనిమిదీ కలిపి వింటుంటే ఆయన కళ్లు మూసుకున్నాడు. అంతా అక్కడే ఉన్నారు, ఎవరి కుర్చీలో వాళ్లు.

"ఎనిమిదీ విడివిడిగా పంపుదాం. వాళ్లు అలాగే అడుగుతారు" అంది కూతురు.

"వరస అంటే ఒకటే. కలిపేసి పంపు. విడివి చెరిపెయ్."

"దాచుకుంటే నష్టమేంటి?"

"విడిగా ఎవడి చెవిలోనైనా పడితే నా పరువేం కాను? చెరిపెయ్ అంటుంటే."

ఆమె చెరిపేసింది. ఇరవయ్యేళ్ల క్రమశిక్షణ అంటే అదే. కూలికి పనికొచ్చినన్నాళ్లు పనికొచ్చి, ఒక్కసారి అక్కర పడ్డప్పుడు కాళ్లకు అడ్డం పడుతుంది.

కూర్పరి జవాబు మూడోనాడు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. "సార్, స్ట్రింగ్స్ అద్భుతంగా ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ వాడారండీ? కాకపోతే మన గుంపు పద్ధతి మీకు తెలుసు కదా. మెషీన్ వయొలిన్లు తీసుకోలేం. మీరు చేత్తో వాయించింది ఏదైనా ఉంటే పంపండి."

కూతురు అగ్గి మీద గుగ్గిలమైంది. ఆయనకు మాత్రం ముందు కోపం రాలేదు. నవ్వొచ్చింది. మూడో వరసలా మోగడం మెషీను నేర్చుకున్నప్పుడు వీళ్ల కూడు పోయింది. ఇప్పుడు వీళ్లే మెషీనులా మోగుతున్నారట. ఆ నవ్వు ఆరాక కోపం వచ్చింది.

"ఫోను కలుపు. ముఖం చూసి మాట్లాడతాను."

తెర మీద రెండు ముఖాలు వచ్చాయి. కూర్పరికి నలభై లోపే, వెనక ఇస్త్రీ బట్టల గుట్ట. నర్సమ్మ యూనిఫాంలోనే ఉంది, డ్యూటీ దిగినట్టుంది.

"నేనే వాయించానండీ. ఎనిమిది సార్లు" అన్నాడాయన.

"అయ్యో, అనుమానించడం కాదు సార్. ఆ విడి ట్రాకులు పంపిస్తే సరిపోతుంది."

"చెరిపేశాం."

కూర్పరి వెనక్కి తిరిగి ఇస్త్రీ బట్టల వైపు చూశాడు. ఆ చూపును మించిన తీర్పు లేదు.

"పోనీ అంకుల్, ఇప్పుడు వాయించండి. వినాలనుంది మాకు" అంది నర్సమ్మ చప్పున.

ఆయన వయొలిన్ ఎత్తాడు. కమాను తీగ మీద పెట్టాక పక్కకు చూశాడు. పక్కవాడి ఊపిరి చూసి ఎత్తుకోవడం ఆయన అలవాటు. పక్కన బీరువా ఉంది. ఎత్తుకున్నాడు. మొదటి స్వరం వణికింది. రెండోదాన్ని పట్టాల్సిన ఉంగరపు వేలికి తీగ ఎక్కడుందో తెలియలేదు, స్వరం కిందికి జారింది. వరసలో అయితే మిగతా ఏడుగురూ దాన్ని మోసేవారు. ఒంటరి వాయింపు ఆయనకు మర్చిపోయిన విద్య కాదు, ఎప్పుడూ రాని విద్య. చివరిదాకా వాయించాడు, మధ్యలో ఆపడం మర్యాద కాదు గనక.

"నమ్ముతున్నాం అంకుల్" అంది నర్సమ్మ. నిజంగానే నమ్మింది. రోగి పక్కన నిలబడి మాట్లాడేవాళ్ల గొంతు ఆమెది. ఆ గొంతు తన మీద పనిచేయడం ఆయనకు తెలిసింది.

"నేనూ నమ్ముతున్నాను సార్. అయితే మిగతావాళ్లకి చూపించడానికి నాకేదో ఒకటి ఉండాలి కదా. మళ్లీ ఆ ఎనిమిదీ వాయించి విడివిడిగా పంపండి, పెట్టేద్దాం. తొందరేం లేదు" అన్నాడు కూర్పరి.

తొందర లేదన్నారు గాని వచ్చే ఆదివారం దాకా ఆయన కాలు నేల మీద నిలవలేదు. బీరువా తెరిచాడు, కుర్చీ జరిపాడు, కిటికీ పక్కన కూర్చుని ముక్కుపొడి ఆయనలా ఎత్తుకున్నాడు. విన్నాడు. ముక్కుపొడి ఆయన కాదు. ఆలస్యంగా ఎత్తుకున్న తనే. ఆత్రగాడు కాదు, తొందరపడ్డ తనే. బావగారి గజగజ కాస్తా అరవై దాటిన చేతి వణుకు. మొదటిసారి ఎవరికీ రుజువు చూపాలని వాయించలేదు కాబట్టి వాళ్లొచ్చారేమో. లేకపోతే అప్పుడూ రాలేదేమో, వచ్చారని ఆలుమగలిద్దరూ ముచ్చటపడ్డారేమో. ఎనిమిదీ కలిపి విన్నాడు. ఒక ముసలివాడు ఎనిమిది చోట్ల తప్పుతున్నాడు.

"అంతా ఒకేలా ఉంది" అన్నాడు.

భార్య గుమ్మంలోనే ఉంది. ఈసారి ఎవరి పేరూ చెప్పలేదు. "కాఫీ తాగుతారా?" అంది.

పంపలేదు. కూతురు బతిమాలింది, పోట్లాడింది. తను చూసే మోకాళ్ల రోగులతో పోల్చింది. "రోజూ చేస్తే వస్తుంది నాన్నా" అంది.

"మోకాలు ఒక్కటే నడవదమ్మా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. మనసు పెడితే వయసు అడ్డురాదని జనం తేలిగ్గా అంటూ ఉంటారు. మనసు పెట్టాడు. అడ్డొచ్చింది.

పాట విడుదలైంది. షాపులో మధ్యాహ్నం బేరాలు లేని వేళ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. చరణానికీ చరణానికీ మధ్య, వయొలిన్లు ఉండాల్సిన చోట లారీ గిటారు రెండే రెండు తీగలు మీటి ఊరుకుంది. ఆ ఖాళీలో నర్సమ్మ ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. తప్పు పట్టుకుందామని రెండోసారి విన్నాడు. దొరకలేదు. వయొలిన్లు లేక పాటకు ఒరిగిన నష్టం ఏమీ లేదు. ఉంటే బరువయ్యేదేమో కూడా. ఇరవయ్యేళ్లు పాటలు మోసిన మనిషికి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కింద పేర్లున్నాయి. పాడినది, మీటినది, కూర్చినది. అన్నిటికన్నా కింద, 'కృతజ్ఞతలు: ఫ్రేములాయన.'

జిగురు అంటిన వేలితోనే కూర్పరికి ఒక్కో అక్షరం కొట్టాడు. "నేను ఈ పాటలో లేను. నా పేరు తీసెయ్యండి."

"మర్యాద కోసం పెట్టాం సార్. అందరం అనుకునే పెట్టాం."

"వాయించినవాళ్ల కింద వాయించనివాడి పేరు ఉండకూడదండీ."

కాసేపటికి చూస్తే ఆ వరుస లేదు.

సాయంత్రం భార్య షాపుకొచ్చింది. ఆమె షాపుకి రావడం అరుదు. కళ్లజోడు కూడా తెచ్చుకుంది.

"అమ్మాయి ఫోన్ చేసింది. పాట కింద మీ పేరు వేశారటగా. ఏదీ, చూపించండి."

ఆయన ఫోను ఇచ్చాడు. ఆమె పైనుంచి కిందికి, కిందనుంచి పైకి జరిపింది. కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఎక్కడండీ?"

"తీయించేశాను."

"ఎందుకు?"

"నేను వాయించలేదుగా."

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. పెట్టేముందు అక్కడున్న పొట్టును అరచేత్తో పక్కకు తోసింది.

"ఒక్కరోజు ఉండనివ్వాల్సింది. నేను చూసేదాన్ని."

ఆయన అప్పటికే అద్దం మీద కట్టరు పెట్టి గీత మొదలుపెట్టాడు. మధ్యలో ఆపితే అద్దం అడ్డంగా పగులుతుంది. తలెత్తకుండా చివరిదాకా లాగాడు.