కోటు తొడిగేశారు

హాలులో ఉన్నవాళ్ళు, ఉన్నవి: ముందు వరసలో కాలేజీ డీన్ గారు, ఆయన పక్కన ఫోన్లు చూసుకుంటున్న ఇద్దరు లెక్చరర్లు. వెనక వరసల్లో బలవంతంగా తెచ్చి కూర్చోబెట్టిన ఫస్టియర్ పిల్లలు. గోడ పక్క కుర్చీలో ముంతాజ్ గారు. రెండు స్టాండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగదు. ఒక మైకు. సమోసాల డబ్బాలు. గోడకు ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ, దాని రెండు మూలలా మేకులు కొట్టి వేలాడదీసిన బంతిపూల దండ. ఫ్లెక్సీ ఆ పొద్దునే వచ్చినట్టుంది. కిరోసిన్‌కీ కొత్త రబ్బరు చెప్పులకీ మధ్య ఉండే ఆ ఇంకు ఘాటు తలుపు దగ్గరే గొంతు పట్టుకుంది. దాని మీద, పోయిన వారం చనిపోయిన మా ఫిజిక్స్ మాస్టారు జిలానీ గారు. నల్ల కోటులో, ఎర్ర టై కట్టుకుని.

ఆయనకు కోటు లేదు. పెళ్ళికి కూడా అరువు తెచ్చుకోలేదని ఆయన భార్య ముంతాజ్ గారే ఒకసారి చెప్పారు. ఆ ఫోటో నేను తీసింది. శ్రీలంకలో, హపుతలే అనే కొండ ఊరి పైన, తేయాకు తోటల మధ్య. అసలు ఫోటోలో వెలిసిపోయిన గళ్ళ చొక్కా, భుజాలకు నీలం బ్యాగు పట్టీలు, వెనక లోయ నిండా మంచు ఉన్నాయి. ఫ్లెక్సీ షాపువాడు లోయను చెరిపేసి తెల్ల మేఘాలు పెట్టాడు. బెజవాడలో ఫ్లెక్సీ ఎక్కిన ప్రతి మగవాడికీ తొడిగే ఆ కోటునే ఈయనకూ తొడిగాడు. తొందరలో ఎడమ భుజం మీద అంగుళం మేర నీలం పట్టీ మిగిలిపోయింది. మీటింగు జరుగుతున్నంతసేపూ నేను ఆ అంగుళం వైపే చూస్తూ కూర్చున్నాను.

కోటు ఒక్కటే అయితే పళ్ళు బిగించుకుని ఊరుకునేవాణ్ణేమో. డీన్ గారు మైకు పుచ్చుకుని, “ఆరోగ్యం సహకరించక జిలానీ గారు మన సంస్థను స్వచ్ఛందంగా విడిచి వెళ్ళారు” అన్నారు. అది అబద్ధమని ఆ హాలులో ఇద్దరికే తెలుసు. ఒకరు డీన్ గారే, ఇంకొకణ్ణి నేను. ముంతాజ్ గారికి తెలియదు. ఆవిడకు భర్త చెప్పి వెళ్ళింది వేరే అబద్ధం.

జిలానీ గారిని నేను మొదట చూసింది ఆ కాలేజీలోనే, గుణదల వైపు ఉన్న క్యాంపస్‌లో. ఇంటర్ రెండేళ్ళూ మాకు చెట్టు కనబడేది ఆదివారం బట్టలుతుక్కునే చోట మాత్రమే. అలాంటి చోటికి ఆయన కొండపల్లి లక్క బొంగరం ఒకటి జేబులో వేసుకుని వచ్చేవారు. దాన్ని బల్ల మీద తిప్పి, “పడేదాకా చూడండి. రాయకండి” అనేవారు. అరవై మందిమి నోరు మూసుకుని చూసేవాళ్ళం. అది ఊగి, ఒరిగి, పక్కకు పడ్డాక, “ఇప్పుడు చెప్పండి, ఏం చూశారు?” అనేవారు. ఎవడో ఒకడు, “చూసేశాం సార్, పడిపోయింది” అనేవాడు. ఆయన మళ్ళీ తిప్పేవారు.

ఒకరోజు డీన్ గారు తలుపు దగ్గర నిలబడి అడిగారు. “జిలానీ గారూ, రొటేషన్ ఇంకా అవలేదా? పక్క సెక్షన్లో చెప్పేశారు.”

“వాళ్ళు చెప్పేశారండీ. నేను చెబుతున్నాను.”

“మరి మీరెప్పటికి చెప్పేస్తారు?”

“చెప్పెయ్యనండీ. చెప్తాను.”

క్లాసంతా గొల్లుమంది. డీన్ గారు నవ్వలేదు. మాట చివర వచ్చే ఆ ‘ఏశాను’ తోకంటే జిలానీ గారికి ఒళ్ళు మంట. తినేశాం, చదివేశాం, చూసేశాం. “అంటే ఏంట్రా? వదిలించుకున్నారన్నమాటేగా? చూసి వదిలించుకోడానికి అంత దూరం వెళ్ళడం ఎందుకు, ఇంట్లో కూర్చోక?” అనేవారు. మా కాలేజీ నడిచేదే ఆ తోక మీద. సిలబస్ అయిపోగొట్టేశాం, టెస్టు పెట్టేశాం, ర్యాంకు కొట్టేశాం. నాకు ఆయన నేర్పిన మొదటి కోపం అదే.

ఇంజనీరింగ్ పూర్తయి, కొండపల్లి దగ్గర విద్యుత్ కేంద్రంలో మీటర్ల విభాగంలో చేరాక, ఒక సాయంత్రం బస్సులో ఆయన మళ్ళీ తగిలారు. ఒళ్ళో నీలం టార్పాలిన్ బ్యాగు. హనుమాన్ జంక్షన్‌లో లారీలకు పట్టాలు కుట్టే మనిషి చేత కుట్టించానని మురిసిపోతూ చూపించారు. ఏటా పరీక్షలు అయ్యాక దొరికే కాస్త సెలవులో ఆ బ్యాగుతో ఏదో ఒక కొండకు వెళ్ళేవారు. ఆర్డినరీ బస్సు, జనరల్ బోగీ, చౌక గది. ఈసారి శ్రీలంక అన్నారు. నేను గొప్పకు పోయి, “నేను మున్నార్ చూసేశాను సార్, కొడైకెనాల్ కూడా చూసేశాను” అన్నాను.

“చూసేశావా? పాపం, ఇంకేమైనా మిగిల్చావా వాటిని?”

బస్సు దిగేలోగా నేనూ వస్తున్నట్టు తేలిపోయింది. ఇంటికెళ్ళి ఎక్సెల్ షీటులో ప్రయాణం వేశాను. తొమ్మిది రోజులు, ఎనిమిది ఊళ్ళు, గంటల వారీగా రంగులు. దాని ప్రింటూ సర్దిన బ్యాగూ పట్టుకుని వాళ్ళింటికి వెళ్తే, ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “టూరా ఇది, స్టడీ అవర్సా?” అని అయిదు ఊళ్ళు కొట్టేశారు. తర్వాత స్ప్రింగు త్రాసు కొక్కేనికి నా బ్యాగు తగిలించి, ముల్లు చూసి, బనీన్లు ఒక్కొక్కటే బయటికి లాగారు. “అక్కడ సబ్బు దొరకదనుకున్నావా అబ్బాయ్?” వంటింట్లోంచి ముంతాజ్ గారు అందుకున్నారు. “కరివేపాకు కారం మాత్రం తియ్యకండి. అక్కడేం దొరక్కపోతే మళ్ళీ నా ప్రాణానికే.”

కొండల మీదికి మూడో తరగతి రైలు పెట్టెలో వెళ్ళాం, తలుపు దగ్గర నిలబడి. ఎత్తుకు పోయేకొద్దీ ఒంటికి పట్టిన చెమట చల్లబడి, ఆరి, చివరికి చలిగా మారింది. హపుతలేలో ఒక తమిళ పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాం. గదికి కిటికీ ఒకటే, దాని నిండా మంచే. మూడు రోజులు అక్కడే. రోజూ అదే బాట, అదే తోట. మొదటి రోజు నాకు చిరాకేసింది. నిన్న నడిచిన బాట మీదే ఈవేళ మళ్ళీ ఎందుకు నడవాలి? మూడో రోజుకు మంచు లోయలోంచి ఏ వైపుగా ఎక్కి వస్తుందో, ఏ మలుపు దగ్గర తెగుతుందో నాకు ముందే తెలియడం మొదలైంది. తోటలో ఆకు కోసే ఆడవాళ్ళతో ఆయన వచ్చీరాని తమిళంలో ఏదో అంటే, వాళ్ళు ఆయన తమిళానికి పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుకు ఆయనా నవ్వారు. నేను ఫోటో తీసింది అప్పుడే.

అక్కడి నుంచి దక్షిణాన ఉన్న అభయారణ్యానికి దిగాం. ఒక జర్మన్ జంటతో కలిసి జీపు మాట్లాడుకున్నాం. లోపలికి వెళ్ళిన కాసేపటికే, బాటకు దగ్గర్లో ఒక ఆడ ఏనుగు గడ్డి మేస్తోంది. జిలానీ గారు చెయ్యెత్తి జీపు ఆపించారు. ఇంతలో డ్రైవరు ఫోను మోగింది. “లెపర్డ్, సార్! లెపర్డ్!” అంటూ గేరు మార్చబోయాడు. మా పక్కనుంచి జీపులు వరసగా, దుమ్ము రేపుకుంటూ పరిగెత్తాయి. ఇరవైకి తక్కువ లేవు. నిలబడి ఫోన్లు పైకెత్తిన జనం.

“సార్, చిరుత సార్!” అన్నాను.

“అంతమంది వెళ్ళారుగా, చూసేస్తార్లే. మనం ఇక్కడుందాం.” జర్మన్ జంటను అడిగారు. వాళ్ళు సరేనన్నారు. డ్రైవరు ఇంజను ఆపి, మమ్మల్ని వెర్రివాళ్ళను చూసినట్టు చూశాడు. నాకు మండిపోయి గడియారం చూసుకున్నాను.

అప్పుడు వచ్చింది డీన్ గారి ఫోను. జిలానీ గారిది పాత ఫోను. అవతలి మాట పక్కవాళ్ళకు కూడా వినబడుతుంది.

“కొత్త బ్యాచికి బ్రిడ్జి కోర్సు ఎల్లుండే మొదలెట్టేస్తున్నాం. వచ్చెయ్యండి.”

“సెలవు ఇంకా ఉంది కదండీ. మీరే సంతకం పెట్టారు.”

“రద్దు చేసేశాం. ఎల్లుండి పొద్దున క్లాసులో లేకపోతే మీ ప్లేసులో వేరేవాళ్ళని పెట్టేస్తాం. అడవులు పట్టి తిరిగేవాళ్ళతో కాలేజీ నడవదు.”

“పెట్టండి” అని జిలానీ గారు ఫోను జేబులో వేసుకున్నారు.

పదిహేడేళ్ళ ఉద్యోగం. నేను ఏదో అనబోతే ఆయన నా మోకాలి మీద తట్టారు. “ఇటు చూడు.” ఏనుగు ముందరి కాలి గోటితో గడ్డిని చెక్కుతోంది. తొండంతో పోగుచేసి, కాలికేసి రెండుసార్లు కొట్టి, వేళ్ళ మట్టి దులుపుకుని, అప్పుడు నోట్లో పెట్టుకుంటోంది. మళ్ళీ చెక్కడం, మళ్ళీ దులపడం. దానికి ఎవరూ సెలవు రద్దు చెయ్యరు. అది పొదల్లోకి వెళ్ళేదాకా మేం కదల్లేదు. అప్పుడు మళ్ళీ గడియారం చూసుకున్నాను.

తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. “ఇంట్లో నేనే మానేశానని చెప్తాను. నువ్వు ఇంకేం చెప్పకు. నిజం తెలిస్తే ఆవిడ వెళ్ళి ఆ మనిషిని బతిమాలుతుంది. అది మాత్రం నేను తట్టుకోలేను.” ఆయన తన గురించి ఆ తోక తగిలించి మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే. నేను మాటిచ్చాను. ఆ మాట అడిగినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఎందుకంటే ఆ తర్వాత జరిగిందంతా నేను చూశాను. కాలేజీవాళ్ళు అనుభవ ధ్రువపత్రం ఇవ్వలేదు. ఇంకే కాలేజీ తీసుకోలేదు. ఆయన గుణదలలో ఇంటి వరండాలో పిల్లలకు చెప్పుకున్నారు, బొంగరం తిప్పుకుంటూ. చుట్టాలందరికీ ఆయన తిరుగుళ్ళ కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి. నేను వెళ్ళినప్పుడల్లా ముంతాజ్ గారు టీ ఇస్తూ, “ఉద్యోగం కన్నా ఏనుగులే ఎక్కువైపోయాయి బాబూ మీ సార్‌కి” అనేవారు. ఆయన వరండాలోంచి, “అవును, అవైతే అరవవు” అనేవారు. ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేను టీ తాగి వచ్చేవాణ్ణి.

ఇప్పుడు ఆ డీన్ గారే ఫ్లెక్సీ ముందు నిలబడి కర్చీఫు కళ్ళకద్దుకుంటున్నారు. మీటింగు మొదలవకముందు ముంతాజ్ గారు ఆయన దగ్గరికి వెళ్ళి, “ఫోటోకి దండ వద్దండీ, మాలో వెయ్యరు” అన్నారు. “అయ్యో, వేసేశామండీ మేడం” అన్నారాయన. ఆవిడ తిరిగి వచ్చి కూర్చున్నారు.

పాత విద్యార్థుల తరఫున నాకు రెండు నిమిషాలిచ్చారు. మైకు తీసుకుని, ముందు కోటు గురించి చెప్పాను. ఆ భుజం మీద మిగిలిన నీలం పట్టీ ఏమిటో చెప్పాను. పిల్లలు మెడలు సాచి చూశారు. జీపు గురించి, ఫోను గురించి మొదలుపెట్టగానే డీన్ గారు లేచారు. “బాబూ, చెప్పేశారుగా, థాంక్యూ, కూర్చోండి.”

“చెప్పెయ్యలేదు సార్. చెబుతున్నాను.”

మైకు ఆగిపోయింది. జిలానీ గారు ఎప్పుడూ మైకు వాడలేదు. చివరి వరసకు వినబడేలా ఎలా మాట్లాడాలో ఆయన క్లాసులోనే నేర్చుకున్నాను. “అప్పుడు ఆయన ఆరోగ్యం బాగానే ఉంది. ఆయన మానలేదు. సంతకం పెట్టి ఇచ్చిన సెలవు మధ్యలో ఫోను చేసి తీసేసింది మీరు. మీ ప్రతి మాటా నేను విన్నాను” అన్నాను. డీన్ గారు, “ఇది సందర్భమా?” అని అరిచారు. సందర్భం ఇదే అన్నాను. ఇచ్చిన మాట తప్పానని నాకు తెలుసు. బతిమాలడానికి ఇప్పుడు ఎవరూ వెళ్ళనవసరం లేదు.

ముంతాజ్ గారు లేచి ఫ్లెక్సీ దగ్గరికి నడిచారు. ఎవరూ అడ్డు వెళ్ళలేదు. ఆవిడ దండను లాగలేదు, తెంపలేదు. ఒక మేకు నుంచి విడిపించి, రెండో మేకు దాకా వెళ్ళి, అక్కడా విడిపించి, సమోసాల డబ్బాల పక్కన పెట్టి బయటికి వెళ్ళారు.

ఆ కోపం నాకు ఇంకా దిగలేదు. దించుకోవాలనీ లేదు. పనిలో ఎవరైనా “మీటరు చెక్ చేసేశావా?” అని అడిగితే, “చేస్తున్నాను” అంటాను. నాకూ అక్కడ మంచి పేరేం లేదు.

నేను బయటికి వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గర ఆటో కోసం చూస్తున్నారు. నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. రోడ్డు వైపు చూస్తూనే అడిగారు.

“ఆ ఫోను వచ్చాక, ఆ ఏనుగుని ఇంకా ఎంతసేపు చూశారు బాబూ ఆయన?”

“నలభై ఆరు నిమిషాలండీ.”