ఎడమ పక్క ఏం రాసుంది?

ఏడో తరగతికి రేఖా గ్రాఫులు చెప్పడంలో నన్ను మించినవాళ్లు నర్సీపట్నంలో లేరని నా నమ్మకం. స్టాఫ్ రూములో ఈ మాట అంటే నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. గ్రాఫంటే చుక్కలు పెట్టి కలపడమే అనుకునేవాళ్లతో నాకు మొదట్నుంచీ పేచీ. చుక్కలు కలపడం ముగ్గు వేసే ఏ పిల్లకైనా వచ్చు. కలిపాక ఆ గీత ఏమంటోందో చెప్పగలగాలి.

మా పిల్లలకు ఒక అలవాటుంది. చింతపల్లి ఘాటీ రోడ్డు తెలిసిన పిల్లలు కదా, గ్రాఫులో గీత పైకి లేస్తే చాలు, అది కొండే అనుకుంటారు. ఒకరోజు కృష్ణదేవిపేట నుంచి మా ఊరికి వచ్చే షేర్ ఆటో ప్రయాణాన్ని బోర్డు మీద గీశాను. అడ్డంగా సమయం, నిలువుగా ఆటో వచ్చిన దూరం. గీత కాస్త లేచి, మధ్యలో అడ్డంగా సాగి, మళ్లీ లేచింది.

"మధ్యలో ఏం జరిగింది?" అని అడిగాను.

"రోడ్డు సాపుగుందండి. ఆటో బేగి ఎల్లిపోతందండి" అని క్లాసంతా ఒకే గొంతుతో అరిచింది.

"దూరం పెరగకుండా ఆటో ఎలా వెళ్తుందిరా?" అని గద్దించాను. గొలుగొండ వైపు నుంచి వచ్చే ఒక పిల్ల మాత్రం లేచి నిలబడింది.

"ఎల్లట్లేదండి. జనం నిండేదాకా ఆపేసినాడండి. ఆటో ఆగినా టైము ఆగదు కదండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల మీద నాకు పక్షపాతమే, దాచుకోను. వాళ్ల నాన్న చెరకు రైతు. కూతుర్ని విశాఖపట్నం హాస్టల్లో వేయాలన్న మాట ఆ ఇంట్లో చాలా రోజులుగా నలుగుతోందనీ, ఇల్లు వదిలి వెళ్లడం తనకు ససేమిరా ఇష్టం లేదనీ ఒకసారి నా దగ్గర చెప్పుకుని ఏడ్చింది.

కొన్నాళ్లకు తల్లిదండ్రుల మీటింగు జరిగింది. మా సైన్సు మాస్టారికి ఉత్సాహం ఎక్కువ. ఆ ఏడాది పరీక్షలన్నిట్లో ఎవరికి ఏ ర్యాంకు వచ్చిందో కంప్యూటర్లో గ్రాఫులు తీయించి వరండా గోడకు వరసగా అంటించారు. కంప్యూటరుకు మర్యాద ఏం తెలుసు? చిన్న అంకెలు కింద, పెద్ద అంకెలు పైన వేసి, మొదటి ర్యాంకును తీసుకెళ్లి అడుగున కూర్చోబెట్టింది. ఎడమ పక్క సన్నటి అక్షరాల్లో 'ర్యాంకు' అని ఉంది గానీ ఎవరి కళ్లూ అటు పోలేదు.

ఆ పిల్ల నాన్న కూతురి చార్టు ముందు నిలబడి నన్ను పిలిచాడు.

"సూశారా మేడమ్ గారూ, పరీక్ష పరీక్షకీ దిగిపోతంది. ఇక్కడ దీనికి సదువు అవ్వదండి. హాస్టల్లో సీటుకి మాటాడేసినాను."

పిల్ల మొహం పాలిపోయింది. పక్కనే ఇంకో తండ్రి తన కొడుకు గీత పైపైకి పోతోందని మురిసిపోతూ ఫోనుతో ఫొటో తీసుకుంటున్నాడు. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. చెప్పేద్దామని నోరు తెరిచి ఆగాను. నేను చెబితే అది బడిని వెనకేసుకొచ్చే టీచరు మాట అవుతుంది.

"మీ నాన్నకు నువ్వే చదివి చెప్పు" అన్నాను పిల్లతో.

అది ముందుకొచ్చి ఎడమ పక్క వేలు పెట్టింది. "నాన్నా, ముందు గీత సూడకు. ఇక్కడేటి రాసుందో సూడు."

"ర్యాంకు. అయితే ఏటి? దిగిందా, నేదా?"

"దిగింది. ఫ్యాక్టరీ కాడ మన సెరుకు ట్రాక్టరు లైన్లో ఎట్టినప్పుడు, మన ముందు బళ్లు తగ్గతంటే నీకు కోపమొస్తాదేటి?"

"కోపమెందుకొస్తాదే? కాటా దగ్గర పడతంటే!"

"ఇదీ అంతే. నా ముందున్నోళ్లు తగ్గతన్నారు."

ఆయన గీత మీద వేలు పెట్టి మెల్లగా చివరి చుక్కదాకా జరిపాడు. అది మూడు అంకెకు ఎదురుగా ఉంది. "అయితే నీ ముందు ఇద్దరేనా?" అన్నాడు. పక్కాయన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. వాళ్ల అబ్బాయి మంచినీళ్ల వంకతో అప్పటికే జారుకున్నాడు.

ఇక గెలిచాం అనుకున్నాను. అంతలో ఆయన నా వైపు తిరిగాడు.

"ఇంత బాగా సదువుతంటే హాస్టల్లోనే ఎయ్యాలి కదండీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. వెనకబడితే హాస్టలు, ముందుకొస్తే హాస్టలు! ఈసారి గట్టిగానే అనబోయాను. నాకు ఆ అవకాశం ఇవ్వకుండా పిల్లే అందుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ గొంతు వణకలేదు.

"ఈ సుక్కలన్నీ ఎక్కడివి నాన్నా? ఇంటికాడ తిని, ఈ బళ్లో సదివితే వచ్చినియ్యి. హాస్టలు సుక్క ఇందులో ఒక్కటీ నేదు. నేని సుక్కని గీతలో ఎలా కలిపేస్తావు?"

ఈ మాట నేను ఏ పాఠంలోనూ చెప్పలేదు. ఉన్న చుక్కలను చదవడం నేను నేర్పాను, లేని చుక్కను అడగడం అది సొంతంగా నేర్చుకుంది.

ఆయన వరండా చివరికి వెళ్లి ఎవరికో ఫోను చేశాడు. "సీటు వద్దండి. మా పిల్ల రాదు" అనడం మా ఇద్దరికీ వినబడింది.

తిరిగొచ్చి చార్టు అడుగున, ఒకటి అంకె మీద వేలితో తట్టాడు.

"ఇంకా ఇద్దరే కదా తల్లీ. బేగి కిందికి దింపేయి."