ఉత్తుత్తి పేషెంటు

నేను సిద్దిపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. నిరుడు ఐసీయూ నర్సుల సర్టిఫికెట్ పరీక్షకు చదువుతున్నప్పుడు మా అత్తమ్మే నా పేషెంటు. రోజూ స్పృహ తప్పినట్టు చాప మీద పడుకునేది. నేను ప్రశ్నలు పైకి చదువుతూ ఆమెను పరీక్షించేదాన్ని. మధ్యలో నవ్వు ఆపుకోలేక, "బతికున్ననా, సచ్చిన్నా బిడ్డా?" అని అడిగేది.

ఆ శనివారం పిలిస్తే పలకలేదు. భుజం తట్టినా కదల్లేదు. "ఇయ్యాల మస్తు చేస్తున్నవ్ అత్తమ్మా!" అని మెచ్చుకుని, తాపీగా పుస్తకంలో జవాబు వెతుక్కుంటూ నాడి చూద్దామని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. చెమటతో తడిసిపోయింది. చెమటను నటించడం ఎవరి తరం? పుస్తకం చేతిలోంచి జారిపోయింది. వెంటనే ఆటోలో మా ఆసుపత్రికి తీసుకెళ్లాను.

శనివారం ఒక్కపొద్దని ఏమీ తినకుండా, షుగరు గోలీ మాత్రం వేసుకుందట. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాకే కళ్లు తెరిచింది.

పరీక్ష పాసయ్యాను. కానీ ఇప్పటికీ అత్తమ్మ మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే నా కాళ్లు అటే పోతాయి. నా అడుగుల చప్పుడు వినగానే ఆమె కళ్లు మూసుకునే అంటుంది: "నిద్రనే బిడ్డా, ఉత్త నిద్రనే."