జానెడు లోతు

లాండ్రీలో ఆమె పని మరకలు తీయడం. చొక్కాను వెలుతురుకెత్తి ఒక్క చూపు చూసి, ఇది సిరా, ఇది నూనె, ఇది తుప్పు అని చెప్పేస్తుంది. పదహారేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. ఇంటికొచ్చాక చేతులు రెండుసార్లు కడుక్కుని బాల్కనీలోకి వెళ్తుంది. అక్కడ తొమ్మిది కుండీల్లో లిల్లీలు. దండల్లో గుచ్చే సన్నవి కావు. అరచేయంత వెడల్పున విచ్చుకునే పెద్ద తెల్లవి.

ఆమెను మెచ్చుకోవడానికి ఆ ఇంట్లో ఎవరికీ వేరే కారణం దొరకలేదు. వంటంటే తోడికోడలు, మాటంటే తోడికోడలు. పై అంతస్తులో కాపురముండే ఆ చిన్న కోడలు మెట్లు దిగుతున్న చప్పుడుకే అత్తగారి మొహం విప్పారుతుంది. కానీ చుట్టాలొస్తే అత్తగారు చేయిపట్టి తీసుకెళ్లి చూపించేది పెద్ద కోడలి బాల్కనీనే. "మా పెద్దదాని చేతి చలువ" అనేది. ఆ మాట కోసం ఆమె ఏడాది పొడవునా కాచుకుని ఉండేది.

ఒకరోజు చిన్నది వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నాకో గడ్డ ఇవ్వవూ? నేనూ పెంచుతా."

"నీకెందుకే ఈ మట్టి పని?"

"నీ పూలు చూస్తే కడుపు మండిపోతోంది మరి!" అని పకపకా నవ్వింది చిన్నది.

ఇవ్వనంటే అత్తగారి దాకా వెళ్తుంది. అందుకని ఇచ్చింది. ఉన్నవాటిలోకెల్లా చిన్న గడ్డ, వెల్లుల్లిపాయంతది, ఏరి మరీ ఇచ్చింది.

"ఎంత లోతులో పెట్టాలక్కా?"

తనవి ఆమె పైపైనే పెట్టేది, గడ్డ మెడ బయటికి కనబడేలా. లోతుకు పోతే మురిగిపోతుందని ఆమె నమ్మకం. ఎవరూ చెప్పలేదు. మొదటి గడ్డ అలా పెడితే బతికింది, అంతే.

"జానెడు లోతు తవ్వి పెట్టు" అంది, కుండీల వైపు చూస్తూ.

ఆ తర్వాత పని నుంచి వస్తూ రోజూ వీధిలో ఆగి పై బాల్కనీకేసి చూసేది. చాన్నాళ్లు ఏమీ కనబడలేదు. "పాపం, దాని మొక్క రాలేదనుకుంటా" అని మొగుడితో ఎంతో జాలిగా అంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

రాలేదనుకున్నది వచ్చింది. బొటనవేలంత లావు కాడ, ఊత లేకుండా నిటారుగా లేచింది. ఏడు మొగ్గలు. కింద తనవి ఎప్పట్లాగే మూడేసి పూలతో వాలిపోతే పుల్లలు గుచ్చి దారంతో కట్టింది.

ఆదివారం చుట్టాలొచ్చారు. మోకాళ్ల నొప్పులని వీధిలోకైనా దిగని అత్తగారు వాళ్లను వెంటేసుకుని, ఈ బాల్కనీకి రాకుండానే పైకెక్కింది. దిగొస్తూ గుమ్మంలో ఆగింది.

"ఏమే పెద్దదానా, నీ పూలకి నాలాగే చేతికర్ర కావాలి. పైవాటికి అక్కర్లేదు, చూశావా?"

చుట్టాలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మర్నాడు లాండ్రీలో తుప్పు మరకను టీ మరకనుకుని వేరే మందు వేసింది. పదహారేళ్లలో అదే మొదటిసారి.

ఆ సాయంత్రం చిన్నది దిగొచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"అక్కా, ఒక మాట చెప్పకపోతే నాకు ముద్ద దిగేలా లేదు."

"చెప్పు."

"నువ్వు జానెడు లోతన్నావు కదా. నీ కుండీల్లో చూస్తే గడ్డలన్నీ పైకే ఉన్నాయి. నా మొక్క చావాలనే అలా చెప్పావనుకున్నా."

ఆమె కుండీ అంచు పట్టుకుంది.

"పెట్టకముందు వెళ్లి నర్సరీ ఆయన్ని అడిగా. ఈ లిల్లీకి లోతే మంచిదట. మట్టిలో ఉన్న కాడకి కూడా వేళ్లొస్తాయట, అందుకే పడిపోదట. నీ కుండీలు చిన్నవి కాబట్టి నీకు కుదర్లేదు గానీ, నాకు మాత్రం ఉన్నదే చెప్పావు. ఇప్పుడందరూ నన్ను పొగుడుతుంటే సిగ్గేస్తోంది. అత్తయ్యతో కూడా చెప్పేశా, అది అక్క చెప్పిన లోతేనని. నిన్ను అనుమానించిన పాపిష్టిదాన్ని నేను. ఏమనుకోకక్కా."

నువ్వనుకున్నదే నిజం. అంత చిన్న మాట. నాలుక చివరిదాకా వచ్చింది.

"పోనీలే, మనసులో పెట్టుకోకు" అంది, పెద్దరికంగా.

చిన్నది ఆమె భుజం మీద ఓ క్షణం తల ఆనించి, రెండేసి మెట్లెక్కుతూ వెళ్లిపోయింది.

ఏడు పూలనైతే ఆమె ఎలాగో ఓర్చుకునేదే. కడుపులో ఉన్నదాన్ని ఒక్క గుక్కలో చెప్పేసి, తేలికపడి, మెట్లెక్కుతున్న ఆ వీపును మాత్రం చూడలేకపోయింది. తలుపు వేసేసింది.