ఖాళీ ఇంట్లో తిరిగిన ఫ్యాను

దర్జీ పని చేసుకునే ఆవిడ ఇల్లు మారింది గానీ, ఆవిడతోపాటు కరెంటు మారలేదు. కింది ఇంట్లో దిగిన రోజు నుంచీ చీకటే. బడి తెరిచేలోగా యూనిఫాంలు కుట్టివ్వాలి. ఆ బడివాళ్లు ఆమెకిచ్చిన మొదటి పని అది. ఆలస్యమైతే రెడీమేడ్ కొట్టుకు ఇచ్చేస్తామని హెడ్‌మాస్టరమ్మ ముందే చెప్పింది. కాలితో తొక్కే పాత మిషను, కొత్తింట్లో చోటు చాలదని వచ్చేముందే అమ్మేసింది. మిగిలింది మోటారు మిషను. కరెంటు లేనప్పుడు దానికన్నా సూదీ దారమే నయం.

కరెంటు కంపెనీకి ఫోను చేస్తే ముందు ఒక పాట వస్తుంది. అది ఆమెకు కంఠతా వచ్చేసింది. ఆ తర్వాత ఒకమ్మాయి తీయగా పలుకుతుంది.

“మా కంప్యూటర్లో మీ ఇంటికి కరెంటు ఉందండీ మేడం.”

“మీ కంప్యూటర్లో ఉంటే చాలా తల్లీ? నా ఇంట్లో ఉండొద్దూ?”

“కంప్లైంట్ రాసుకున్నామండీ. చూసి ఫోన్ చేస్తాం.”

ఎన్నిసార్లు చేసినా అదే మాట. ఒళ్లు మండిపోయింది. గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా మర్యాదగా వినేది.

ఇంటి ఓనరు పెద్దాయన మనసు మంచిదే. కొత్తవాళ్లు వస్తున్నారని గేటుకూ, మెట్ల కింద మీటర్ల పెట్టెకూ స్వయంగా రంగు వేశాడు. పాత అక్షరాలు రంగు కింద పడిపోతే ‘కింది ఇల్లు’, ‘పై ఇల్లు’ అని ముత్యాల్లా మళ్లీ రాశాడు. వచ్చిన ప్రతివాళ్లకూ ఆ రాత చూపించేవాడు.

ఆ మధ్యాహ్నం అత్తగారు చాప మీద విసనకర్రతో అవస్థ పడుతూ పైకప్పు వైపు చూసింది.

“పైన ఎవరో హాయిగా ఫ్యాను వేసుకున్నారే అమ్మాయ్. కిర్రు కిర్రుమంటోంది.”

“పైవాళ్లు కరెంటు కూడా తీయించేసి వెళ్లిపోయారత్తయ్యా.”

“మరి దయ్యాలకు ఉక్కపోస్తోందా?”

ఆమె చెవి ఒగ్గి వింది. ఫ్యానే. పెద్దాయనను వెంటబెట్టుకుని పైకి వెళ్లి తాళం తీయించింది. బోసిపోయిన గదిలో, పైవాళ్లు ఆపడం మరిచిపోయిన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

“మీటర్ల పేర్లు తారుమారు చేశారు బాబాయ్ గారూ. పైవాళ్లది పీకమంటే లైన్‌మన్ మీ రాత చూసి నాది పీకాడు.”

“నా చేత్తో నేనే రాశానమ్మా...” అన్నాడాయన.

మళ్లీ ఫోను, మళ్లీ పాట. సంగతంతా విడమరిచి చెప్పింది.

“పై ఇంటి సంగతి పైవాళ్లే చెప్పాలండీ.”

“పైన ఎవరూ లేరు.”

“మరి ఇబ్బంది ఎవరికండీ?”

ఏడుపొక్కటే తక్కువైంది. ఫోను పెట్టేసి మిషను ఎత్తుకుని పైకి నడిచింది. పెద్దాయన గుడ్డల మూట మోశాడు. అత్తగారు చాప చుట్టి చంకన పెట్టుకుని వెనకాలే వచ్చి, తిన్నగా ఫ్యాను కిందే పరుచుకుంది. మోటారు బర్రుమంది.

సాయంత్రానికి ఫోను మోగింది.

“మేడం, ఇప్పుడు కరెంటు ఉందా?”

“ఉంది తల్లీ. అది నా ఇంటికి రాకపోతే నేనే దాని దగ్గరికి వచ్చాను.”

“అయితే సమస్య తీరిందని రాసుకుంటానండీ.”

ఆమె జవాబు చెప్పేలోపే పాట వచ్చింది. ఫోను పక్కన పడేసి తర్వాతి కాలరు అందుకుంది. కోపం చల్లారకపోయినా, కుట్టు మాత్రం వంకర పోనివ్వలేదు.