తాతయ్య కారుకు రేడియేటర్ మార్చిన రోజు

నా చిన్నప్పుడు నారాయణఖేడ్‌లో మా తాతయ్య కారుకు దాహం ఎక్కువని అందరూ నవ్వేవారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పది మైళ్లు పోతే చాలు, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచేది. తాతయ్య దిగి, వెనక సీటు కింద దాచుకున్న డబ్బా తీసి నీళ్లు పోసేవాడు. ఇంజను వేడిని చల్లార్చే నీళ్లన్నీ రేడియేటర్‌లోనే తిరగాలి. దానికేమో ఎక్కడ చూసినా చిల్లులే. తాతయ్య మాట్లు వేయించాడు, సబ్బు పూశాడు, ఒకసారి గుప్పెడు పసుపు కూడా లోపల పోశాడు. పసుపు కొన్నాళ్లు చిల్లులను మూసింది. ఆ తర్వాత కారు నిలబడిన చోటల్లా నేల మీద పచ్చటి మరకలు పడ్డాయి.

ఆ కారు ఒకప్పుడు దొరలది. తాతయ్య వాళ్ల దగ్గర ఇరవయ్యేళ్లు డ్రైవరుగా చేశాడు. వాళ్లు పట్నం వెళ్లిపోతూ, ముసలిదైపోయిన ఆ బండిని ఆయనకే వదిలేశారు. ఊళ్లో కార్లను వేళ్ల మీద లెక్కపెట్టే రోజులవి. బస్సులో కూర్చోలేని రోగులను, కాన్పు కష్టమైన ఆడవాళ్లను తాతయ్య ఆ కారులోనే బీదర్ దవాఖానకు చేర్చేవాడు. ఆయన బండి ఎక్కితే గండం గడిచినట్టేనని చుట్టుపక్కల ఊళ్లలో ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకమంటే ఆయనకు లోలోపల గర్వం. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడు మా పక్కింటి అక్కకు నెలలు నిండుతున్నాయి. మా అమ్మ కూలికి పోతే నాకు తల దువ్వేది, అన్నం పెట్టేది ఆ అక్కే. మొదటి కాన్పులో ఆమెకు బిడ్డ దక్కలేదు. ఈసారి మంత్రసాని పొట్ట తడిమి చూసి, బిడ్డ అడ్డంగా ఉంది, నొప్పులు మొదలయ్యేదాకా ఇంట్లో ఉంచకండి, బీదర్ తీసుకెళ్లండి అని చెప్పింది. అక్క భర్త అప్పటికప్పుడే వచ్చి తాతయ్యను అడిగాడు. తాతయ్య రెండు రోజులు గడువు అడిగాడు. చిల్లుల రేడియేటర్‌తో అంత దూరం నిండు చూలాలిని తీసుకెళ్లడానికి ఆయనకు మనసొప్పలేదు.

పాత సామాన్లమ్మే చోట ఒక రేడియేటర్ దొరికితే, పట్నం నుంచి గోనెసంచిలో చుట్టి బస్సు మీద వేయించాడు. దాంతోపాటు రెండు కొత్త రబ్బరు పైపులు. ఒకటి ఇంజనులో కాగిన నీళ్లను పైనుంచి రేడియేటర్‌కు తెచ్చేది, రెండోది చల్లబడిన నీళ్లను కింది నుంచి మళ్లీ ఇంజనుకు పంపేది.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్నాయి. తాతయ్య పొద్దున్నే పనిలో దిగాడు. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. నడుము వంచితే లేవడం కష్టం, లేస్తే వంచడం కష్టం. తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు పోసి, ఒక్కొక్కటే విప్పేసరికి మధ్యాహ్నమైంది. పాత పైపులు చెక్కలా బిగిసిపోతే కత్తితో కోసి తీశాడు. తీరా చూస్తే కొత్తగా వచ్చిన రేడియేటర్ ఇంకే బండిదో. బోల్టుల రంధ్రాలు అరంగుళం పక్కకు ఉన్నాయి. తాతయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. ఆయన మొహంలో అంత అలసట అంతకుముందు నేను చూడలేదు. తర్వాత ఆకురాయి తీసుకుని రంధ్రాలను అరగదీయడం మొదలుపెట్టాడు.

ఇనుప రజను లోపల పడకుండా, రేడియేటర్ మూతులు రెండింటిలో గుడ్డలు కుక్కే పని నాకు చెప్పాడు. నాకప్పుడు పదేళ్లుంటాయేమో. చిరిగిన నా పాత లంగాను రెండు ముక్కలు చేసి, బొటనవేలితో నొక్కి నొక్కి కుక్కాను. పని గట్టిగా చేశానని మురిసిపోయాను కూడా. అరగదీయడం అయి, రేడియేటర్‌ను చోటులో బిగించేసరికి పొద్దు వాలింది. పై గుడ్డ లాగేశాను. అంతలో వీధి చివర గాజులమ్మే ఆమె గంప దించింది. నా కళ్లు అటే పోయాయి.

"బిడ్డా, గుడ్డలు తీసినవా?" అన్నాడు తాతయ్య, కారు కింద పడుకుని.

"తీసిన తాతా!" అన్నాను, అటువైపే చూస్తూ.

ఆయన మసకచీకట్లోనే కింది పైపును తొడిగి క్లిప్పు బిగించాడు. నీళ్లు పోస్తే బిందె నిండా కూడా పట్టలేదు. "జల్దీనే నిండింది," అని గొణిగాడు, కానీ ఆగి ఆలోచించే ఓపిక ఆయనలో మిగల్లేదు. ఇంజను కాసేపు నడిపి, చుక్క కారడం లేదని చూసి, ఆపేసి, కాళ్లీడ్చుకుంటూ ఇంట్లోకి పోయాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. చేయి పట్టుకోవడానికి నేను పక్కన ఉండాలని అక్క అడిగింది. అందుకే వెనక సీట్లో ఆమె పక్కన కూర్చున్నాను. ముందు అక్క భర్త, తాతయ్య. ఊరు దాటి కొంత దూరం పోయామో లేదో, అక్క నా చేతిని ఒక్కసారిగా నలిపేసింది. నొప్పులు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే బానెట్ కింద నుంచి గుప్పున ఆవిరి లేచింది. అటూ ఇటూ జొన్నచేలు తప్ప మనిషి అలికిడి లేని చోట బండి నిలిచిపోయింది.

అక్క భర్త కిందికి దూకి తాతయ్య మీద విరుచుకుపడ్డాడు. "ఏం పని జేసినవయ్యా పెద్దమనిషీ! చేతగాకుంటే చెప్పాలె గదా! నా పెండ్లాం పానం మీదికి తెస్తివి!"

తాతయ్య దిగాడు. బానెట్ ఎత్తి, పై పైపును తాకి చటుక్కున చేయి తీసుకున్నాడు. తర్వాత కింది పైపును పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. అది చల్లగా ఉంది. నీళ్లు తిరగడం లేదని ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. ఇంజను చల్లారేదాకా మూత తీయడానికి వీల్లేదు. ఆ కాసేపు మాకు యుగంలా గడిచింది. అక్క పళ్లు బిగించి మూలుగుతోంది. ఆమె భర్త తలుపు దగ్గర నిలబడి తువ్వాలతో విసురుతున్నాడు.

కడకు తాతయ్య క్లిప్పు వదులు చేసి కింది పైపు లాగాడు. నేను దిగి ఆయన పక్కకు వెళ్లాను. ఆ మూతిలోంచి వేలితో బయటికి తీసిన తడి గుడ్డ మీద నా లంగా పూలు కనిపించాయి. తాతయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. గుడ్డను పిడికిట్లో ముడిచి జేబులో వేసుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా," అన్నాడు అక్క భర్తతో. "కింది పైపు సూసుకోలే."

అతను ఇంకా ఏవేవో అన్నాడు. కళ్లు కనపడని ముసలివాడికి బండెందుకన్నాడు. తాతయ్య తల వంచుకుని పైపు తొడుగుతూనే ఉన్నాడు. నోరు తెరిచి నిజం చెప్పాలనుకున్నాను. కానీ ఆయన జేబు వైపే చూస్తూ నిలబడ్డాను. దూరంగా ఒక చేనులో కోత కోస్తున్న ఒకామె పరుగున వచ్చి, "తగోరి, తగోరి" అని కన్నడంలో తీసుకొమ్మంటూ తన తాగేనీళ్ల కుండ మాకిచ్చేసింది. బావి కూడా ఆమే చూపించింది. నేను, అక్క భర్త నీళ్లు మోసుకొచ్చి పోశాం. ఈసారి బండి రెండు బిందెల నీళ్లు తాగింది.

దవాఖాన చేరేసరికి అక్కకు తెలివి లేదు. కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఇద్దరూ బతికారు. ఆ కబురు విన్నాక తాతయ్య వరండాలో గోడకు చేరగిలబడి, కూర్చున్నచోటే నిద్రపోయాడు.

తిరుగు దారిలో బండిలో మేమిద్దరమే. నేను ఏడుస్తూ, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పని నీకు చెప్పింది నేను. కన్నుండంగ చెవిని నమ్మిన. నీళ్లు తక్కువ పట్టినప్పుడన్న సోయి రావాలె గదా. గది నా తప్పే," అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, "నువ్వు సూడకుంట తీసిన అన్నవు సూడు, గది నీది. నీదాన్ని నేను మొయ్యలేను," అన్నాడు.

ఆయన నన్ను కొట్టి ఉంటే ఆ సంగతి నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

తాతయ్య బండి మధ్యదారిలో ఆగిందన్న మాట ఊరంతా పాకింది. నెల రోజులు ఎవరూ పిలవలేదు. ఆయన రోజూ కారు తుడిచేవాడు, అరుగు మీద కూర్చునేవాడు. అక్క పుట్టింటి నుంచి బిడ్డతో తిరిగి వచ్చిన రోజున నేను ఆమె దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పేశాను. అక్క బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. బిడ్డకు పాలు పట్టడం అయ్యాక భర్తను పిలిచి, "పొల్ల ఏం చెప్తుందో ఇను," అంది. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది.

అతను ఆ సాయంత్రమే వచ్చి తాతయ్య ముందు నిలబడ్డాడు. తాతయ్య పక్కకు జరిగి అరుగు మీద చోటు చూపించాడు. "పొల్ల చెప్పింది నిజమే. నేను చెప్పింది గూడ నిజమే. కూసో, చాయ తాగు," అన్నాడు. బండి గురించి ఇంకెప్పుడూ వాళ్ల మధ్య మాట రాలేదు. మెల్లమెల్లగా జనం మళ్లీ పిలవడం మొదలుపెట్టారు. మునుపటంత మంది కాదు.

నేను తర్వాత బడిపంతులమ్మనయ్యాను. ఒక ఏడాది పరీక్షల రోజున జవాబు కాగితాలు పోగుచేయమని ఒక అమ్మాయికి చెప్పాను. ఒక కట్ట వరండాలోనే ఉండిపోయి, గాలికి చెదిరిపోయింది. హెడ్మాస్టరు అందరి ముందూ ఎవరి పనని గద్దించాడు. ఆ పిల్ల గోడకు అతుక్కుపోయింది. అప్పటికి పొద్దుటి నుంచి నిలబడి నా కాళ్లు లాగుతున్నాయి. ఇంకొక్క మాట పడే ఓపిక లేదు. అయినా ముందుకు వచ్చి, లెక్క చూసుకోవలసింది నేను, చూసుకోలేదు అన్నాను. సాయంత్రం ఆ పిల్లను కూర్చోబెట్టి, ఆమె వంతు తప్పేమిటో కూడా చెప్పాను. ఇక బడి మానేస్తుందేమోనని ఆ రాత్రి దిగులుపడ్డాను.

మరునాడు గంట కొట్టకముందే వచ్చి, మొదటి బెంచీలో కూర్చుంది.